సబ్మిట్ బటన్ నొక్కే ముందు: స్టాట్‌చెక్ రివ్యూ

సైకాలజీ జర్నల్‌కు పేపర్ పంపే ముందు చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. టైటిల్ పేజీ విడిగా పెట్టాలి, బ్లైండ్ రివ్యూ కోసం లోపల ఎక్కడా మన పేర్లు లేకుండా చూడాలి, అబ్‌స్ట్రాక్ట్‌ను చెప్పిన మాటల్లోపు కుదించాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి వివరాలు ఇవ్వాలి, ఎడిటర్‌కు కవర్ లెటర్ రాయాలి. ఇవన్నీ అందరూ చేస్తారు. ఏది తప్పినా పేపర్ వెనక్కి వస్తుందని తెలుసు. కానీ రిజల్ట్స్‌లో మనం రాసిన అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. గైడ్ అడగడు, కో ఆథర్ అడగడు, చాలాసార్లు రివ్యూయర్ కూడా లెక్కవేసి చూడడు. ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేరే స్టాట్‌చెక్.

నేను వరంగల్‌లో సైకాలజీ చెబుతాను. పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌గా ఉన్నాను. మా దగ్గర నుంచి బయటికి వెళ్లే ఏ పేపరైనా ముందు స్టాట్‌చెక్ దాటాల్సిందే. ఎందుకింత పట్టుబడతానో, అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కొంచెం వివరంగా చెబుతాను. తెలుగు రాష్ట్రాల స్కాలర్లలో చాలామందికి దీని పేరే తెలియదు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

ఇది చేసేది చిన్న పనే. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో రిజల్ట్ రాసినప్పుడు మూడు విషయాలు పక్కపక్కన ఉంటాయి: టెస్ట్ విలువ (టి లాంటిది), డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (శాంపుల్ సైజును బట్టి వచ్చే సంఖ్య), పి వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ, యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం). మొదటి రెండూ తెలిస్తే మూడోది ఎవరైనా లెక్క కట్టొచ్చు. స్టాట్‌చెక్ మన ఫైల్ మొత్తం చదివి, ఇలాంటి వాక్యాలను ఏరి, పి వాల్యూను మళ్లీ తనే లెక్క కట్టి, మనం రాసినదానితో పోల్చి చూపిస్తుంది. ఉదాహరణకు "టి(148) = 2.13, పి = .003" అని రాసి ఉందనుకోండి. ఆ టి విలువకు, ఆ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు రావాల్సిన పి .035. చేత్తో ఎక్కించేటప్పుడు ఎక్కడో తేడా పడింది. చదివేవాళ్లకు రెండూ చిన్న అంకెలే, కంటికి ఆనవు. స్టాట్‌చెక్ పట్టేస్తుంది. దశాంశాలు కుదించడం వల్ల వచ్చే తేడాలను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, 2.13 అసలు 2.125 అయినా 2.134 అయినా అనవసరంగా తప్పు పట్టదు.

తేడాలను రెండు రకాలుగా చూపిస్తుంది. మొదటిది మామూలు పొరపాటు: అంకె తప్పు, కానీ ముగింపు మారదు. పై ఉదాహరణ అలాంటిదే, .003 అయినా .035 అయినా .05 కంటే తక్కువే, అంటే సిగ్నిఫికెంట్ (స్టాటిస్టికల్‌గా తేలింది) అనడానికి మామూలుగా వాడే హద్దు లోపే. రెండోది అసలు ప్రమాదం: మనం సిగ్నిఫికెంట్ అని రాశాం, లెక్క చూస్తే కాదు. లేదా ఇది తిరగబడి ఉంటుంది. ఈ రెండో రకం ఒక్కటి దొరికినా అబ్‌స్ట్రాక్ట్ నుంచి డిస్కషన్ దాకా మళ్లీ చదువుకోవాల్సిందే.

ఇంత జాగ్రత్త ఎందుకు, మేం నేరుగా ఎస్‌పీఎస్ఎస్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) నుంచే ఎక్కిస్తాం కదా అంటారు చాలామంది. ఎక్కించడంలోనే ఉంది ఇబ్బంది. ఒక పేపర్ తయారయ్యేసరికి డేటా ఎన్నోసార్లు మారుతుంది. సగం నింపి వదిలేసిన ఫారాలు తీసేస్తాం, అనాలిసిస్ మళ్లీ నడుపుతాం, టి విలువ మారుస్తాం, పక్కనున్న పి పాతదే ఉండిపోతుంది. గైడ్ దగ్గర ఒక ఫైలు, స్కాలర్ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలు, వాట్సాప్‌లో తిరిగిన ఫైలు ఇంకొకటి. చివరికి ఏ అంకె ఏ ఫైల్లోంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. ఇందులో మోసం ఏమీ లేదు. అయినా అచ్చయ్యాక చదివే మనిషికి ఆ తేడా ఎలా వచ్చిందో తెలియదు కదా.

ఇంకో అలవాటు, పి = .000 అని రాయడం. ఎస్‌పీఎస్ఎస్ అవుట్‌పుట్‌లో అలాగే కనిపిస్తుంది కాబట్టి అలాగే దింపేస్తారు. పి వాల్యూ ఎప్పుడూ సున్నా కాదు. ఏపీఏ ప్రకారం "పి < .001" అని రాయాలి. దీన్ని కూడా స్టాట్‌చెక్ తప్పుగానే లెక్కేస్తుంది, అది సరైన పనే.

ఇప్పుడు ఒక పేపర్ సంగతి చెప్పాలి, స్టాట్‌చెక్ మీద నా అభిప్రాయం అక్కడే గట్టిపడింది. మా స్కాలర్ ఒకమ్మాయి ఇంటర్ విద్యార్థుల మీద పనిచేసింది. హాస్టల్‌లో ఉండి చదివేవాళ్లు 75 మంది, రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్లు 75 మంది. డాస్-21 అనే ప్రశ్నావళి ఇచ్చింది. 21 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు, డిప్రెషన్, యాంగ్జైటీ, స్ట్రెస్ అని మూడు భాగాలు, భాగానికి ఏడేసి ప్రశ్నలు. పిల్లలకు 18 నిండలేదు కాబట్టి తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుకోలు రెండూ తీసుకుంది. హాస్టల్ పిల్లలు ఆదివారం పూట మెస్ హాల్లో కూర్చుని ఫారాలు నింపారు. ఇంటికి ఫోన్ చేసుకునే టైమ్ అది. ఆ టైమ్‌లోంచి కొంత మాకిచ్చారు.

పేపర్ చక్కగా రాసింది. సబ్మిట్ చేసే ముందు వర్డ్ ఫైల్‌ను స్టాట్‌చెక్‌లో వేయమన్నాను. స్ట్రెస్ మీద రాసింది సరిపోయింది. యాంగ్జైటీ దగ్గర ఆ .000 అలవాటు బయటపడింది, దిద్దుకుంది. డిప్రెషన్ దగ్గర ఆగిపోయింది. తను రాసింది "టి(148) = 1.79, పి = .038". స్టాట్‌చెక్ లెక్కలో వచ్చింది దాదాపు .075. రెండో రకం పొరపాటు.

"మేడమ్, నేను అవుట్‌పుట్‌లో ఉన్నదే రాశాను, చూడండి" అని స్క్రీన్ నావైపు తిప్పింది. నిజమే, అవుట్‌పుట్‌లో .038 ఉంది. దాని పక్క గడిలో .075 కూడా ఉంది. ఎస్‌పీఎస్ఎస్ 28వ వెర్షన్ నుంచి టి టెస్ట్ (రెండు గ్రూపుల సగటులను పోల్చే టెస్ట్) టేబుల్‌లో వన్ సైడెడ్ పి (తేడా ఫలానా వైపే ఉంటుందని ముందే అనుకున్నప్పుడు వాడేది), టూ సైడెడ్ పి (తేడా ఎటువైపైనా ఉండొచ్చు అనుకున్నప్పుడు వాడేది) రెండూ పక్కపక్కన ఇస్తున్నారు. పాత వెర్షన్లలో టూ సైడెడ్, అంటే టూ టెయిల్డ్ ఒక్కటే ఉండేది, దాంతో ఈ గందరగోళం ఉండేది కాదు. కొత్త వెర్షన్ వాడే ప్రతి స్కాలరూ ఈ గడులు ఒకసారి జాగ్రత్తగా చూసుకోండి. ముందు కనిపించేది వన్ సైడెడ్, అంటే సరిగ్గా సగం విలువ.

ఆ అమ్మాయి తెలివైంది. వెంటనే అడిగింది: "మేడమ్, పక్కన వన్ టెయిల్డ్ అని రాస్తే సరిపోతుంది కదా?" సాఫ్ట్‌వేర్ వరకు అయితే సరిపోతుంది. పేపర్లో వన్ టెయిల్డ్ అనే మాట ఉంటే, ఆ సంగతి పట్టించుకుని అంకె సరైనదే అనే వెసులుబాటు స్టాట్‌చెక్‌లో ఉంది. "ముందు నీ సినాప్సిస్ తియ్యమ్మా, హైపాథసిస్ ఎలా రాశావో చూద్దాం" అన్నాను. సినాప్సిస్‌లో, ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రపోజల్‌లో ఉన్నది ఒకే మాట: రెండు గ్రూపుల మధ్య తేడా ఉంటుంది. హాస్టల్ వాళ్లకే ఎక్కువ ఉంటుందని రాయలేదు. అంటే టూ టెయిల్డ్. డేటా చూశాక వన్ టెయిల్డ్‌కు మారడం కుదరదు. ఇది రూల్ కోసం చెప్పే రూల్ కాదు. ఫలితం ఎటు మొగ్గిందో చూసుకుని టెస్ట్ ఎంచుకుంటే ఆ పి వాల్యూకి అర్థమే ఉండదు.

అప్పుడు డిస్కషన్‌లో ఒక పేజీ పోయింది. హాస్టల్ గదిలో ఒంటరితనం గురించి, ఇంటికి దూరంగా ఉండటం గురించి మనసు పెట్టి రాసిన పేజీ. తీసేయడానికి చాలా బాధపడింది. కూర్చుని మాట్లాడుకున్నాం. డిప్రెషన్ స్కోర్లలో తేడా స్టాటిస్టికల్‌గా తేలలేదని ఒక వాక్యం రాసింది, దాని కింద కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే అంచనా) ఇచ్చింది, అబ్‌స్ట్రాక్ట్‌లో డిప్రెషన్ అన్న మాట దిద్దింది. నాకు ఆ పేపర్లో అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అదే. హాస్టల్ చదువుల గురించి మన దగ్గర అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి. తల్లిదండ్రులు, కాలేజీలు, టీవీ చర్చలు అందరూ ఇలాంటి పేపర్లనే చూపిస్తారు. .075ని .038 చేసి పంపితే ఆ పిల్లలు నింపిన ఫారాలతో వాళ్లు చెప్పని మాట చెప్పించినట్టే.

ఈ టూల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని మీద గురి ఇంకా కుదురుతుంది. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకురాలు మిషెల్ నౌటెన్, సాషా ఎప్స్‌కాంప్ కలిసి దీన్ని ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీగా తయారుచేశారు. 2016లో నౌటెన్ బృందం బిహేవియర్ రీసెర్చ్ మెథడ్స్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. 1985 నుంచి 2013 దాకా ఎనిమిది పెద్ద సైకాలజీ జర్నళ్లలో వచ్చిన 2,50,000కు పైగా పి వాల్యూలను ఇదే ప్రోగ్రామ్‌తో పరీక్షించారు. దాదాపు సగం పేపర్లలో కనీసం ఒక పి వాల్యూ లెక్కకు సరిపోలేదు. ప్రతి ఎనిమిది పేపర్లలో ఒకదాంట్లో ముగింపునే మార్చగల తేడా కనిపించింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకో విషయం. అలాంటి పెద్ద తేడాలు సిగ్నిఫికెంట్ కాదని రాసిన చోట కంటే, సిగ్నిఫికెంట్ అని రాసిన చోటే ఎక్కువగా ఉన్నాయి. చేతిపొరపాట్లే అయితే రెండువైపులా సమానంగా ఉండాలి. మనకు నచ్చిన అంకె వచ్చినప్పుడు మళ్లీ చూసుకోం, నచ్చని అంకె వస్తే పదిసార్లు చూసుకుంటాం. ఆ మొగ్గు మనుషులందరిలో ఉంటుంది. యంత్రానికి ఆ మొగ్గు ఉండదు.

అదే ఏడాది పెద్ద గొడవ కూడా జరిగింది. 50,000కు పైగా అచ్చయిన పేపర్లను స్టాట్‌చెక్‌తో పరీక్షించి, ఆ రిపోర్టులను అచ్చయిన పేపర్ల మీద చర్చించే పబ్‌పీర్ సైట్‌లో పెట్టారు. తప్పులేమీ దొరకని పేపర్ల మీద కూడా రిపోర్టు పడింది. జర్మన్ సైకలాజికల్ సొసైటీ అభ్యంతరం చెప్పింది. రచయితలకు ముందు చెప్పకుండా, మనిషి చూడకుండా యంత్రం రిపోర్టును నేరుగా అందరి ముందు పెట్టడం నాకూ సరిగ్గా అనిపించదు. యంత్రం పొరబడే సందర్భాలు ఉన్నాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ పంపకముందే మన పేపర్‌ను మనమే పరీక్షించుకోవడంలో ఎవరి పరువూ పోదు. సైకలాజికల్ సైన్స్ లాంటి జర్నల్ 2016 నుంచే రివ్యూలో భాగంగా దీన్ని వాడటం మొదలుపెట్టింది. జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ సోషల్ సైకాలజీ కూడా అదే దారి పట్టింది. ఎడిటర్ చేతిలో బయటపడటం కంటే మన టేబుల్ మీద బయటపడటం మేలు.

వాడటం తేలిక. స్టాట్‌చెక్ డాట్ ఐఓ సైట్ తెరిచి ఫైల్ అప్‌లోడ్ చేయడమే. పీడీఎఫ్, హెచ్‌టీఎంఎల్, వర్డ్ ఫైళ్లు తీసుకుంటుంది. పైసా కట్టనక్కర్లేదు. అచ్చు కాని పేపర్ ఇంకో సైట్‌లో పెట్టడం ఇష్టం లేనివాళ్లు ఆర్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. ఆర్ రాని స్కాలర్లకు మొదట్లో కాస్త టెన్షన్‌గా ఉంటుంది, అయినా రెండు లైన్ల కోడే. నా సలహా, సైట్‌లో అయితే వర్డ్ ఫైలే వేయండి. పీడీఎఫ్‌లో ఈక్వల్ గుర్తు, కై స్క్వేర్ గుర్తు లాంటివి లోపల చెదిరిపోతాయి. అలా చెదిరిన వాక్యాన్ని అది గుర్తించకుండా దాటిపోతుంది, మనం అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటాం.

ఇక్కడే దీని అసలు లోపం ఉంది. వాక్యాల్లో ఏపీఏ పద్ధతిలో రాసినవి మాత్రమే చదువుతుంది. టేబుల్‌లో పెట్టిన రిజల్ట్స్‌ను పట్టించుకోదు. "టి విలువ 2.13 (డిఎఫ్ 148)" అని మన ఇష్టం వచ్చినట్టు రాస్తే కూడా వదిలేస్తుంది. మన స్కాలర్లలో చాలామంది అన్నీ టేబుళ్లలో కుక్కి, వాక్యాల్లో "టేబుల్ 4లో చూడవచ్చు" అని వదిలేస్తారు. అలాంటి పేపర్‌ను స్టాట్‌చెక్‌లో వేస్తే ఏమీ దొరకలేదనే వస్తుంది. దాన్ని పాస్ అయినట్టు అనుకోకూడదు. మొదట ఎన్ని రిజల్ట్స్ గుర్తించిందో చూడండి, మీ పేపర్లో ఉన్నవాటితో ఆ సంఖ్య సరిపోవాలి. టి, ఎఫ్, ఆర్, కై స్క్వేర్, జెడ్ టెస్ట్ విలువలు చదువుతుంది. బేసియన్ అనాలిసిస్, స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడళ్ల సూచీలు దాని పరిధిలో లేవు.

కొన్నిసార్లు మన తప్పు లేకుండానే తప్పు చూపిస్తుంది. బాన్‌ఫెరోనీ సవరణ (ఒకేసారి చాలా టెస్టులు చేసినప్పుడు చేసేది) చేసిన పి వాల్యూ రాస్తే లెక్క కలవదు, సహజమే. రిపీటెడ్ మెజర్స్ అనోవాలో (ఒకే మనుషులను పలుమార్లు కొలిచినప్పుడు వాడే టెస్ట్) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను తగ్గించే గ్రీన్‌హౌస్ గైసర్ సవరణ చేసి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రం సవరించనివి రాసినా అంతే. ఇలాంటి చోట కంగారు పడి అంకె మార్చేయకండి. ఏ సవరణ చేశారో వాక్యంలో స్పష్టంగా రాయండి. చదివేవాళ్లకు కూడా అది తెలియాలి.

సగటులను, స్టాండర్డ్ డీవియేషన్లను అసలు చూడదు. దానికి గ్రిమ్ అనే ఇంకో పద్ధతి ఉంది, నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ ప్రతిపాదించారు. కాగితం పెన్నుతోనే చేసుకోవచ్చు. 25 మంది ఒక ప్రశ్నకు 1 నుంచి 5 దాకా పూర్తి అంకెల్లో జవాబిచ్చారనుకోండి. మొత్తాన్ని 25తో భాగిస్తే వచ్చే సగటు .04 చొప్పున మాత్రమే పెరుగుతుంది: 3.44, తర్వాత 3.48. పేపర్లో 3.47 అని ఉంటే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే. జవాబు ఇవ్వనివాళ్లను తీసేశారా, సంఖ్య తప్పా, సగటు తప్పా అని వెతకాలి. చిన్న శాంపుళ్లతో పనిచేసేవాళ్లకు ఇది చాలా ఉపయోగం. శాంపుల్ వంద దాటితే రెండు దశాంశాలతో పెద్దగా ఏమీ తేలదు.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి గురించి కూడా చెప్పాలి. మా హాస్టల్ పేపర్ రివ్యూకి వెళ్లి, మార్పులు అడుగుతూ తిరిగొచ్చింది. అంకెల మీద ఒక్క ప్రశ్న లేదు. కానీ ఒక రివ్యూయర్ అడిగింది చాలా లోతైన ప్రశ్న: ఈ పిల్లలు కొన్ని కాలేజీల నుంచే వచ్చారు కదా, ఒకే కాలేజీ పిల్లల స్కోర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కదా, మరి మామూలు టి టెస్ట్ ఎలా సరిపోతుంది? ఈ సంగతి ఏ స్టాట్‌చెక్కూ చెప్పదు. ఎంచుకున్న టెస్ట్ సరైనదా, ఆ స్కేల్ తెలుగులో సరిగ్గా పనిచేస్తుందా, పిల్లలు నిజాయితీగా నింపారా, ఇవన్నీ మనుషులు ఆలోచించాల్సినవే. అంకెలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టే రివ్యూయర్ శ్రద్ధంతా ఆ ప్రశ్న మీదికి వెళ్లిందని నా నమ్మకం. పొంతన లేని పి వాల్యూ ఒకటి కనిపిస్తే రివ్యూయర్ మిగతాదంతా అనుమానంతోనే చదువుతాడు.

రిఫరెన్సుల్లో కూడా దీని సాయం ఏమీ ఉండదు. వాటికి జొటెరో వాడండి, అదీ ఉచితమే, ఏపీఏ 7వ ఎడిషన్ స్టైల్ అందులో ఉంది. ఎస్‌పీఎస్ఎస్ లైసెన్స్ దొరకనివాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ల జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, టేబుళ్లు ఏపీఏ పద్ధతిలోనే వస్తాయి. అంకెలు చేత్తో దింపే పని అంత తగ్గితే స్టాట్‌చెక్‌కు దొరికే తప్పులూ అంత తగ్గుతాయి.

మూడు రోజుల్లో అచ్చు వేస్తామని మెయిళ్లు పంపే జర్నళ్లకు ఫీజు కట్టి పేపర్ ఇచ్చేవాళ్లకు ఇదంతా అనవసరమైన శ్రమ అనిపించవచ్చు. అక్కడ ఎవరూ చదవరు, అడగరు. కానీ ఆ పేపర్ మీ పేరుతో ఎప్పటికీ నెట్‌లో ఉంటుంది. ఇంకో స్కాలర్ దాన్ని నమ్మి తన మెటా అనాలిసిస్‌లో (చాలా పేపర్ల ఫలితాలను కలిపి చేసే లెక్క) మీ టి విలువను కలుపుకుంటుంది. అక్కడిదాకా వెళ్లాక ఆ అంకెను దిద్దేవాళ్లు ఉండరు.

నా రేటింగ్ 5కు 4.5. టేబుళ్లు చదవలేకపోవడానికి అర మార్కు తగ్గించాను. గైడ్‌లకు ఒక విన్నపం: స్కాలర్ డ్రాఫ్ట్ తెచ్చినప్పుడు స్టాట్‌చెక్ రిపోర్టు ప్రింట్ కూడా వెంట తెమ్మనండి. రిపోర్టులో తేడా ఉన్న ప్రతి వరుస పక్కన కారణం పెన్నుతో రాయించండి. మేం ఆ కాగితాలను కన్సెంట్ ఫారాల ఫైల్లోనే భద్రపరుస్తున్నాం.